ఆ 59 రోజులు

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమంటారు. 2017 మే 12, శుక్రవారం నాడు కాలిన చేతుల కథ వేరు. అక్కడ ఆకులు ముందే ఉన్నాయి. ఉచితంగా ఇచ్చారు, ఇంటికి తెచ్చి ఇచ్చారు, పట్టుకోండి బాబూ అని కొందరికి రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చారు. చేతులు కాలింది ఆ తర్వాత 59 రోజులకు.

ఆ రోజు మధ్యాహ్నం ఇంగ్లండ్‌లోని ప్రభుత్వాసుపత్రుల్లో కంప్యూటర్ తెరల మీద ఎర్ర కిటికీ ఒకటి తెరుచుకుంది. దాని ఎడమ పక్కన రెండు గడియారాలు వెనక్కి నడుస్తున్నాయి. ఫైళ్లు తిరిగి కావాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టాలి. మూడు రోజులు దాటితే 600. ఏడు రోజులు దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగే ఈ ర్యాన్సమ్‌వేర్ పేరు వానాక్రై. స్పెయిన్‌లో టెలిఫోనికా, ఫ్రాన్స్‌లో రెనో కార్ల ఫ్యాక్టరీలు, జర్మనీలో రైల్వే స్టేషన్ల బోర్డులు, ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో పలు జిల్లాల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. యూరోపోల్ లెక్కన 150 దేశాల్లో 2 లక్షలకు పైగా బాధితులు.

ఎవరో తెలియని మెయిల్ తెరిచి కొంప ముంచారనుకుంటే పొరపాటు. ఈ పురుగు తిరగడానికి ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు. ఒక కంప్యూటర్లోకి దూరితే చాలు, అదే నెట్‌వర్క్‌లో ఉన్న పక్క కంప్యూటర్లను తనే వెతుక్కుని, అన్నింటిలోనూ ఉన్న ఒకే ఒక్క కన్నంలోంచి లోపలికి పాకింది. ఆ కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14, మంగళవారం నాడే ఎంఎస్17-010 అనే నంబరుతో విడుదల చేసింది. మార్చి 14 నుంచి మే 12 దాకా వేళ్ల మీద లెక్కపెడితే 59 రోజులు. మందు ఉండీ వేసుకోకపోవడం ఎలా జరుగుతుందో, జరగకుండా ఏం చేయొచ్చో చూపించడానికి ఇంతకంటే సూటైన ఉదాహరణ దొరకదు.

ముందున్న ఒకటి

ముందు ఆ కన్నం ఏమిటో చూడాలి. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి ఎస్‌ఎంబీ అనే పద్ధతి వాడతాయి. ఆఫీసులో నలుగురూ ఒకే ప్రింటరుకు ప్రింట్లు కొట్టుకోగలుగుతున్నారంటే దాని చలవే. దీని మొదటి వెర్షన్ 1980ల నాటిది. అప్పట్లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి ఓఎస్/2 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశాయి. అది జనం వాడకంలోంచి పోయి చాలా కాలమైంది. దాని పద్ధతిలో వచ్చిన సమాచారాన్ని విండోస్ పద్ధతిలోకి మార్చే చిన్న కోడ్ ముక్క మాత్రం విండోస్ కడుపులోనే ఉండిపోయింది. తప్పు ఆ ముక్కలో దొర్లింది.

తప్పును రైస్ మిల్లు గుమస్తా పుస్తకంలో పెట్టి చూస్తే ఇలా ఉంటుంది. లోడు 10,000 బస్తాలని చీటీ వచ్చింది. గుమస్తా లెక్క చూస్తే పనికొచ్చేవి 9,950. గోదాములో సరిగ్గా 9,950 బస్తాలకు చోటు ఖాళీ చేయించాడు. చీటీ మీది అంకె కూడా దిద్దాలి కదా, దిద్దాడు. అయితే అతనికి అలవాటు చివరి నాలుగు అంకెలే దిద్దడం. 0000 ఉన్న చోట 9950 అని వేశాడు, ముందున్న 1ని ముట్టుకోలేదు. చీటీ ఇప్పుడు 19,950 అంటోంది. హమాలీలు చీటీ చూసే దింపుతారు. గోదాము నిండిపోయింది, ఆగలేదు, పక్క గదిలోకి పొర్లింది. ఆ పక్క గది యజమాని ఆఫీసు గది.

కంప్యూటర్ భాషలో ఆ పెద్ద అంకె 32 బిట్లది, దిద్దింది కింది 16 బిట్లు మాత్రమే. పొర్లిన సమాచారం పడింది విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ మెమరీలో. ఎక్కడ పొర్లుతుందో, ఎంత పొర్లుతుందో ముందే లెక్కగట్టి పంపగలిగినవాడు ఆ కంప్యూటరుకు యజమాని అయిపోతాడు. పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఈ తప్పును అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ముందే కనిపెట్టి, మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా ఏళ్ల తరబడి దాచుకుంది. దాన్ని వాడుకునే పరికరానికి ఎటర్నల్ బ్లూ అని పేరు. దొంగతాళం చేయించుకున్నవాడి ఇంట్లోనే దొంగతనం జరిగినట్టు, షాడో బ్రోకర్స్ అనే ముఠా ఈ పరికరాన్ని చేజిక్కించుకుని 2017 ఏప్రిల్ 14న ఇంటర్నెట్‌లో అందరికీ పంచిపెట్టింది. అప్పటికే ప్యాచ్ వచ్చి నెల. ఆ రోజు నుంచి లోపం రహస్యం కాదు, ఎక్కడుందో, ఎలా దూరాలో వివరాలతో సహా వీధిన పడింది. ఇంకా 28 రోజుల గడువు మిగిలే ఉంది.

తెలిసీ ఆగిన చోట

ఇంగ్లండ్ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ మీద ఆ దేశపు నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2017 అక్టోబరులో ఇచ్చిన నివేదిక వాయిదా మనస్తత్వానికి ఒక పాఠ్యపుస్తకం. ఆసుపత్రులను నడిపే ట్రస్టులు 236 ఉంటే, కనీసం 80 ట్రస్టుల పని దెబ్బతింది. వాటిలో వైరస్ నిజంగా పాకినవి 34. మిగతావి భయపడి తమంతట తామే కంప్యూటర్లు ఆపేసుకున్నవీ, పక్కవాళ్ల సమాచారం అందక నిలిచిపోయినవీ. 6,912 అపాయింట్‌మెంట్లు రద్దయినట్టు లెక్క తేలింది. మొత్తం 19,000 దాటి ఉంటాయని అంచనా. అయిదు ప్రాంతాల్లో అత్యవసర రోగులు దూరంలో ఉన్న మరో ఆసుపత్రికి వెళ్లాల్సొచ్చింది.

ఆ శుక్రవారం చాలామంది విండోస్ ఎక్స్‌పీని ఆడిపోసుకున్నారు. పాతదాన్ని పట్టుకు వేళ్లాడితే ఇంతే అన్నారు. లెక్కలు వేరే చెప్పాయి. క్యాస్పర్‌స్కీ సంస్థ గమనించిన కేసుల్లో 98 శాతం విండోస్ 7 యంత్రాలు. ఎన్‌హెచ్‌ఎస్‌లో దెబ్బతిన్నవాటిలోనూ ఎక్కువ అవే. అప్పటికి విండోస్ 7కు ప్యాచ్‌లు క్రమం తప్పకుండా వస్తున్నాయి. ప్యాచ్ దొరక్క పోయినవి తక్కువ, వేయక పోయినవి ఎక్కువ.

అలాగని వేయనివాళ్లందరూ బద్ధకస్తులు కారు. వాయిదాకు ఎప్పుడూ ఒక మర్యాదస్తుడైన కారణం తోడుంటుంది. ఎన్‌హెచ్‌ఎస్ ఐటీ విభాగం మార్చిలో, ఏప్రిల్‌లో ప్యాచ్ వేయమని ట్రస్టులకు హెచ్చరికలు పంపింది. ఎవరు వేశారో, ఎవరు వేయలేదో కనుక్కునే పద్ధతి మాత్రం ఆరోగ్య శాఖ దగ్గర లేదు. చెప్పామని పైవాళ్లు, చూద్దామని కిందివాళ్లు. దానికి తోడు ఎంఆర్‌ఐ స్కానర్ లాంటి యంత్రాల లోపల కూడా విండోసే ఉంటుంది. దాన్ని ఆసుపత్రి సిబ్బంది ముట్టుకోకూడదు, అమ్మిన కంపెనీ మనిషే రావాలి. ఇక వార్డులో కంప్యూటర్ రీస్టార్ట్ కావాలంటే పది నిమిషాలు పని ఆగాలి. ఆపడానికి అనువైన పది నిమిషాలు ఆసుపత్రిలో ఏ గంటలోనూ దొరకవు.

ఆ రోజు నష్టం అక్కడితో ఆగడానికి కారణం ఒక కుర్రాడు. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో ఉండే 22 ఏళ్ల మార్కస్ హచిన్స్ అప్పుడు సెలవులో ఉన్నాడు. భోజనం చేసొచ్చి వైరస్ కోడ్ తిరగేస్తుంటే, అది ప్రతిసారీ ఒక పొడవాటి అర్థంలేని వెబ్ చిరునామాను పలకరిస్తున్నట్టు కనబడింది. ఆ పేరు ఎవరూ కొనుక్కోలేదు. 10.69 డాలర్లు పెట్టి అతనే కొన్నాడు, వైరస్ ఎంతదూరం పాకిందో లెక్క తెలుస్తుందని. చిరునామా పలకగానే వైరస్ కొత్త యంత్రాల మీద పని మానేసింది. అలా ఆగుతుందని కొన్నప్పుడు అతనికీ తెలియదు. డబ్బు కట్టినవాళ్లకు ఆ అదృష్టం కూడా లేదు. వైరస్‌లోని తప్పు వల్ల చెల్లింపులన్నీ మూడే మూడు బిట్‌కాయిన్ ఖాతాల్లో పడ్డాయి, ఎవరు కట్టారో దొంగలకే సరిగ్గా తెలిసే దారి లేకుండా పోయింది.

భయం కూడా అబద్ధం కాదు

అప్‌డేట్ నొక్కనివాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: బాగా నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకు? దీన్ని కొట్టిపారేసే సలహాదారులే ఎక్కువ. 2024 జులై 19న విమానాశ్రయాల్లో నిలబడిన ప్రయాణికులు అలా కొట్టిపారేయలేరు.

ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసి కూలబడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. పనిచేసే యంత్రాన్ని అప్‌డేటే పడగొట్టగలదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఆ భయం నుంచి వచ్చే తీర్మానం దగ్గరే తేడా. అన్ని యంత్రాలకూ ఒకేసారి వేయడం ప్రమాదమని తేలితే, ఒకదానికి ముందు వేసి చూడాలి. అసలు వేయకపోవడం దానికి జవాబు కాదు. బియ్యం మూటలో గుప్పెడు వండి చూస్తారు, బాగోకపోతే మూట మారుస్తారు. వంట మానేయరు. మూడు రోజులు చూసి వేయడం జాగ్రత్త. తేదీ లేకుండా చూద్దామనడం ఆ 59 రోజుల్లో చేరుతుంది.

కరెంటు పోయి బతికిన సర్వరు

వానాక్రై తర్వాత 46 రోజులకు, జూన్ 27న, ఉక్రెయిన్‌లో నాట్‌పెట్యా బయల్దేరింది. ఇది మొదట పాకింది ఆ దేశంలో పన్నుల లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలోనే. ఆపైన ఎటర్నల్ బ్లూనూ వాడింది, కంప్యూటర్ మెమరీలో దొరికిన పాస్‌వర్డులనూ దొంగిలించింది. అందువల్ల ప్యాచ్ వేసిన యంత్రాలు కూడా, పక్కనున్న వేయని యంత్రం పుణ్యమా అని మునిగాయి.

ప్రపంచంలో అతిపెద్ద ఓడ రవాణా సంస్థల్లో ఒకటైన మెర్స్క్ 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లను పది రోజుల్లో మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవాల్సొచ్చింది. నవీ ముంబయిలోని జేఎన్‌పీటీ రేవులో ఆ గ్రూపు నడిపే టెర్మినల్ కూడా ఆగింది. అసలు చిక్కు మరోచోట వచ్చింది. ఏ ఉద్యోగి ఎవరు, ఎవరికి ఏ అనుమతులున్నాయి అని చెప్పే డొమైన్ కంట్రోలర్లు సంస్థకు దాదాపు 150 ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటి ఉందిలే అన్న ధీమాతో అన్నింటినీ ఒకదానికొకటి జోడించి ఉంచారు. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు.

అన్నీ ఒకేసారి పోయాయి, ఒక్కటి తప్ప. ఆఫ్రికాలోని ఘనా ఆఫీసులో వైరస్ వచ్చే ముందు కరెంటు పోయింది. ఆ సర్వరు ఆఫ్‌లైన్‌లో ఉండబట్టి బతికింది. అక్కడి ఇంటర్నెట్ మీద అంత సమాచారం పంపాలంటే రోజులు పడుతుంది. సంస్థను తిరిగి నిలబెట్టే పని జరుగుతున్న ఇంగ్లండ్‌కు మనిషిని పంపుదామంటే అక్కడున్నవాళ్లలో ఎవరికీ బ్రిటిష్ వీసా లేదు. ఘనా ఉద్యోగి ఒకరు హార్డ్ డిస్క్ పట్టుకుని నైజీరియా విమానాశ్రయం దాకా వెళ్లి, అక్కడ మరో ఉద్యోగి చేతికిచ్చారు. ఆ మనిషి దాన్ని లండన్ మోసుకెళ్లారు. అమెరికన్ విలేకరి ఆండీ గ్రీన్‌బర్గ్ ఈ ఉదంతాన్ని వివరంగా రాశారు. కరెంటు కోత ఒక కంపెనీని కాపాడిందంటే నవ్వొస్తుంది. కానీ బ్యాకప్ గురించి తెలియాల్సిందంతా అందులోనే ఉంది: ఎప్పుడూ తగిలించి ఉన్న నకలు, అసలుతో పాటే పోతుంది.

ఒక షాపు, ఒక నోటుబుక్కు

ఇంత పెద్ద సంస్థల కథ చిన్నవాళ్లకెందుకనిపించొచ్చు. అందుకే ఇక్కడ గుంటూరులో కాలేజీ రోడ్డు మీద ఓ జిరాక్స్, డీటీపీ షాపును ఊహించుకోవచ్చు. నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఫ్లెక్సీ స్టిక్కర్లు కోసే ఓ పాత ప్లాటర్. హాల్‌టికెట్ల రోజులు. గుమ్మం దాకా పిల్లలు, చేతుల్లో పెన్‌డ్రైవులు.

"అన్నా, ఇదేదో రీస్టార్ట్ అంటోంది."

"ఇప్పుడా? తర్వాత చూద్దాం గానీ నొక్కెయ్‌రా."

కుర్రాడు నొక్కేశాడు. అది రోజుకు మూడుసార్లు అడుగుతుంది, రోజుకు మూడుసార్లు నొక్కుతాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అడిగే సమయమే తప్పు. రద్దీలో అడిగిన ప్రశ్నకు ఎవరైనా తర్వాత అనే అంటారు. కాబట్టి మార్చాల్సింది మనిషి మనసును కాదు, ప్రశ్న వచ్చే వేళను.

మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. అమెరికా పగలు కాబట్టి ఇక్కడికి ఆ రాత్రికి చేరతాయి. షాపాయన క్యాలెండర్‌లో రెండో మంగళవారం మర్నాటి చుట్టూ సున్నా చుట్టి పెట్టుకున్నాడనుకుందాం. ఆ బుధవారం రాత్రి షట్టర్ వేశాక ఒక్క కంప్యూటరుకు, అదీ తన బల్ల మీదిదానికి, అప్‌డేట్ పెడతాడు. గురు, శుక్రవారాలు దాని మీద ప్రింట్లు, స్కానింగ్, డీటీపీ ఫాంట్లు చూస్తాడు. అనూ ఫాంట్లు సరిగ్గా వస్తే శనివారం రాత్రి మిగతావాటికి వేస్తాడు. రాకపోతే ఆగి, కారణం కనుక్కుని, వచ్చే శనివారానికి తేదీ రాసుకుంటాడు.

క్రాక్ వేసిన విండోస్ ఉంటే ఈ పద్ధతి మొదట్లోనే ఆగిపోతుంది, ఎందుకంటే అది వేసిచ్చినవాళ్లు చాలాసార్లు అప్‌డేట్లు ఆపేసి ఇస్తారు. ఏ కంప్యూటర్లో ఏ విండోస్ ఉందో తెలుసుకోవడానికి విండోస్ బొత్తం, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ అని కొడితే చాలు. విండోస్ 10 అని వస్తే దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబరు 13 దాకా పెట్టారు, దానికి విడిగా చేరాలి.

తర్వాతి పని, కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్లు ఆన్, ఆఫ్ చేసే జాబితా తెరవడం. అందులో ఎస్‌ఎంబీ 1.0 పక్కన టిక్ ఉంటే తీసేయాలి. ఆ పాత ఓఎస్/2 గుమస్తా కూర్చున్నది అక్కడే. టిక్ తీశాక పాత స్కానర్ ఫోల్డరులోకి స్కాన్ పంపనంటే, మెయిల్‌కు పంపేలా మార్చుకోవచ్చు.

ప్లాటర్ కంప్యూటర్ సంగతి వేరు. దాని డ్రైవర్ పాత విండోస్ మీదే నడుస్తుంది, కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. దానికి మందు ప్యాచ్ కాదు, కత్తెర. నెట్‌వర్క్ కేబుల్ తీసేయాలి. డిజైన్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వెళ్లాలి, ఆ పెన్‌డ్రైవ్ ముందు యాంటీవైరస్ ఉన్న కంప్యూటర్లో స్కాన్ కావాలి. ఈ స్కాన్ చాదస్తం కాదు. తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్‌ఎంసీలో 2018 ఆగస్టులో కొత్తగా వచ్చిన ఒక యంత్రాన్ని వైరస్ పరీక్ష చేయకుండా నెట్‌వర్క్‌కు కలిపారు. ప్యాచ్ వేయని విండోస్ 7 యంత్రాల మీదుగా వానాక్రై రకం పాకి ఉత్పత్తి ఆగింది. మూల వైరస్ వచ్చి ఏడాది దాటిన తర్వాతి మాట ఇది.

బ్యాకప్‌కు ఒక బయటి హార్డ్ డిస్క్. ఆదివారం తగిలించడం, కాపీ చేయడం, తీసి ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టడం. నెలకోసారి దాంట్లోంచి ఏదో ఒక పెళ్లి శుభలేఖ ఫైలు తెరిచి చూడటం. తెరుచుకోని బ్యాకప్ సంగతి ప్రశాంతంగా ఉన్న ఆదివారమే తెలియాలి. ఒకవేళ ఎర్ర తెర వస్తే చేయాల్సిన వరుస కాగితం మీద రాసి గోడకు అంటించాలి: కేబుల్ పీకు, వైఫై ఆపు, మిగతా కంప్యూటర్లు ఆపెయ్, డబ్బు కట్టకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్. ఈ కాగితం కంప్యూటర్లో ఉంటే ఆ రోజు అక్కరకు రాదు. ఎన్‌హెచ్‌ఎస్ దగ్గర సైబర్ దాడికి ప్రణాళిక ఉంది, కానీ స్థానికంగా ఎన్నడూ ఆడి చూసుకోలేదు. ఆ శుక్రవారం సిబ్బంది వాట్సప్‌లో మాట్లాడుకుంటూ, కాగితం, పెన్ను పట్టుకున్నారు.

ఇవన్నీ గుర్తుంచుకునే బాధ్యత ఒకరి పేరున ఉండాలి. షాపాయన వంద పేజీల నోటుబుక్కు కొని కుర్రాడి చేతికిచ్చాడు. పేజీకి మూడు గడులు. మొదటి గడిలో అప్‌డేట్ వచ్చిన తేదీ, రెండో గడిలో ఆఖరి కంప్యూటరుకు వేసిన తేదీ, మూడో గడిలో మధ్యలో గడిచిన రోజుల సంఖ్య. అంతకు మించి ఏమీ రాయనక్కర్లేదు.

మొదటి నెల మూడో గడిలో 4 పడింది. రెండో నెలా 4. తర్వాతి నెల సంక్రాంతి, ఊరెళ్లారు, తిరిగొచ్చాక ఒక కంప్యూటర్ మర్చిపోయారు. బల్లల మధ్య తిరుగుతూ కుర్రాడే అది చూసి, లెక్కపెట్టి, 19 అని వేశాడు. షాపాయన అది చూసి ఏమీ అనలేదు. ఆ రాత్రి షట్టర్ సగం దించి, కుర్చీ లాక్కుని, ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.